నూలు తోక

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, కరీంనగర్‌లో ఒక అధికారి భార్య బదిలీ మీద పోతూ తన నల్లపిల్లిని చీరలమ్మబోయిన మా అవ్వ చేతిలో పెట్టింది. దాని జాతికే తోకలుండవట. ఆ మాట మా చెన్నూరులో ఎవరు నమ్ముతారు? మేమే కోశామన్నారు. అది రెండు పిల్లల్ని పెట్టింది. వాటికీ తోకల్లేవు! అవి గెంతడం నేర్చిన వారమే మా బాపు మగ్గం మీద చీర పోగులు తెగడం మొదలైంది.

"గీ తోక మొండి పిల్లలు మగ్గం కాడ ఉంటే మంచిది కాదట. అంగడి నాటికి ఎవలకన్న ఇయ్యున్రి. లేకుంటే గోనెసంచిల ఏస్కపోయి గోదారి అవతల ఇడ్సివస్త" అన్నాడు బాపు.

పాలు మరవని పిల్లలు అక్కడ రెండు రోజులు కూడా బతకవు. నాకప్పుడు పదకొండేళ్లు, ముక్కు మీద కోపం. ఇంటింటికీ తిరిగాను. అందరూ ముందు ముద్దు చేసేవారు, తర్వాత వెనక చూసి "వద్దమ్మో" అని తలుపేసేవారు. తోక లేకపోతే ఎలుకలు నవ్వుతాయా, ఏం మనుషులో!

వారానికోసారి వచ్చే అంగడి రోజు పొద్దున్నే తెగిన నల్లపోగులు ఏరి పేనాను. గంజిలో ముంచి ఎండబెడితే అచ్చం తోకల్లా నిలబడ్డాయి. వాటి కొస దారాన్ని పిల్లల నడుం చుట్టూ తిప్పి, పోగులు అతకడానికి బాపు నేర్పిన ముడి వేశాను. గుంజినకొద్దీ బిగుసుకునే ముడి అది. ఒకదాన్ని అంగడిలో చీపుర్లమ్మే ముసలామె తట్టలో పెట్టుకుపోయింది. రెండోదాన్ని తీసుకున్న పక్కవాడ ఆమె గంటకల్లా తిరిగొచ్చి, తోక నూలుదని నన్ను తిట్టిపోసి, పిల్లను మా గుమ్మంలో దింపింది.

బాపు నవ్వుతాడనుకున్నాను. ముడి తడిమి చూడగానే ఆయన ముఖం మారిపోయింది.

"ఇదేం ముడి ఏసినవే? పిల్ల పెరుగుతది, దారం పెరుగుతదా? తడిస్తే ఇంక గుంజుకుంటది. రెండోది ఏడుందే?"

"చీపుర్లామె తీస్కపోయింది."

"ఏ ఊరామె?"

నేను అడగలేదు. బాపు ఆ ముడిని కత్తెరతో తెంపి అంగడికి పరుగెత్తాడు. అప్పటికే ఆమె వెళ్లిపోయింది.

మళ్లీ అంగడికి వారం. మూడోనాడు ముసురు పట్టింది. చినుకు పడ్డప్పుడల్లా ఎక్కడో ఆ దారం బిగుస్తోందనుకునేదాన్ని. బాపు గోనెసంచి మాట ఎత్తలేదు. మగ్గం ఆపి, పక్క ఊళ్లు రెండు తిరిగి, ఆరా తీసి, ఉత్త చేతులతో వచ్చాడు.

అంగడి రోజు ఆమె వచ్చింది. తట్టలో పిల్ల కదలకుండా పడి ఉంది.

"నాలుగొద్దుల సంది పాలు సక్కగ ముడుతలేదు కొడుకా. ముడి ఇప్పుదమంటే కరుస్తుంది, కత్తి పెడుదమంటే భయమైతుంది" అంది.

దారం నడుం చర్మంలోకి దిగిపోయింది. కత్తెర దూరలేదు. బాపు అంగడి నడుమ మోకాళ్ల మీద కూర్చుని, పళ్లతో ఆ ముడిని కొరికాడు. పిల్ల ఆయన చెంప రక్కింది. ఆయన వదల్లేదు. ముడి తెగాక పిల్ల సన్నగా అరిచింది. నేను బావురుమన్నాను.

"మాఫ్ చెయ్యి అవ్వా. దీన్ని మేమే తీస్కపోతం" అన్నాడు బాపు.

"ఎందుకు తీస్కపోతరు? నా పిల్లి!" అంటూ ఆమె దాన్ని కొంగులో చుట్టుకుని నా వైపు తిరిగింది. "తోక ఉత్తదని ఇంటికి పోంగనే ఎరికైంది. తోక లేకుంటే వద్దని నేనన్ననా బిడ్డా?"

ఊరంతా అడిగాను. ఆమెను మాత్రం అడగలేదు.