రంగు చుక్కల జాజ్

నలభై మూడో ఏట నాకు పియానో నేర్చుకోవాలనిపించింది. అందులోనూ జాజ్. భిలాయి స్టీల్ ప్లాంటు డ్రాయింగ్ ఆఫీసు నుంచి ఇంటికొచ్చాక నేను వినేది అదే. మూడు నాలుగు స్వరాలు కలిపి నొక్కే కార్డు ఒకటి ఇంకో కార్డులోకి అంత మెత్తగా ఎలా జారుతుందో తెలుసుకోవాలని కోరిక. సెక్టర్ 7లో మా క్వార్టరుకి రెండు వీధుల అవతల ఒకాయన క్లాసులు చెబుతున్నాడంటే వెళ్లి చేరాను.

ఆ గదిలోకి అడుగుపెడితే గుట్కా వాసన. కీబోర్డు మెట్ల మీద ఎర్రవీ పచ్చవీ నీలివీ చుక్కలు అంటించి ఉండేవి. ఎంతమంది వేళ్ల జిడ్డో, వాటి అంచులు నల్లబడి, గమ్ము బయటికొచ్చి వేలికి అంటుకునేది. ఇంటికి రాగానే సబ్బుతో రెండుసార్లు చేతులు కడిగినా వెగటు పోయేది కాదు.

"ఎర్రవన్నీ కలిపి నొక్కండి దీదీ. బస్, జాజ్ హో గయా," అనేవాడాయన. ఆయనా ఇక్కడే పుట్టిన తెలుగువాడు. సగం మాట హిందీలోనే వచ్చేది.

"ఇవే ఎందుకు భయ్యా? పక్క మెట్టు నొక్కితే ఏమవుతుంది?"

"థియరీలోకి వెళ్తే దిమాగ్ ఖరాబ్ అవుతుంది దీదీ. ఫీల్ కరో."

నాలుగు నెలలు అలా ఫీలయ్యాను. తర్వాత ఆయన క్లాసు వాళ్లందరితో స్టేజీ ప్రోగ్రాం పెట్టాడు. ప్లాంటులో క్రేన్ ఆపరేటరుగా రిటైరైన మా నాన్న వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. నా వంతు వచ్చింది. మధ్యలో దారి తప్పాను. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక పైకి తీసేశాను. స్పీకర్లలో మాత్రం పాట నడుస్తూనే ఉంది. ఒక్క తప్పు లేదు. నేను మళ్లీ వేళ్లు ఆడించాను. జనం చప్పట్లు కొట్టారు. లేచి దండం పెట్టాను.

ఇంటికొచ్చాక నాన్న అడిగారు.

"ఏటనుకోకమ్మా. మద్దెలో నువ్వు సేతులు తీసేసి ముక్కు తుడుసుకున్నావు కదా. పాట ఆగనేదేటి?"

నా కీబోర్డు మోగడం లేదన్న సంగతి స్టేజీ మీదే నాకు అర్థమైంది. అయినా దండం పెట్టాను. రోత పుట్టింది మాస్టారి మీద కాదు, నా మీద.

మర్నాడు క్లాసుకెళ్లి మాస్టారిని అడిగాను. "నా కీబోర్డు సౌండ్ ఆపేశారా?"

"అందరిదీ ఆపేస్తాం దీదీ. పెన్ డ్రైవ్‌లో రికార్డింగ్ పెడతాం. ఇంట్లోవాళ్లు ఖుష్, మీరూ ఖుష్."

"పోనీ ఇది చెప్పండి. ఆ ఎర్ర చుక్కల కార్డులో ఏ స్వరాలున్నాయి?"

ఆయన కీబోర్డు వైపు చూశాడు. "ఎర్రవే," అన్నాడు.

ఇంకేమీ అడగాలనిపించలేదు. వచ్చేశాను.

తెలిసినవాళ్లు చెబితే భిలాయి-3లో ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్లాను. తెలుగావిడే, రైల్వే గార్డుగారి భార్య. చర్చిలో ఆర్గన్ వాయించేవారు. పెళ్లికి ముందు కలకత్తా హోటల్ బ్యాండులో పియానో వాయించారట. మొదటి రోజు నా చేతులు ఒళ్లో పెట్టించి, మెట్లు లెక్కపెట్టమన్నారు. సి అనే స్వరం నుంచి నల్లవీ తెల్లవీ కలిపి నాలుగు మెట్లు ఎక్కితే ఇ. అక్కణ్ణుంచి మూడు ఎక్కితే జి. అది మేజర్. ముందు మూడు, తర్వాత నాలుగైతే మైనర్. మేజర్ మీద ఇంకో నాలుగు ఎక్కి బి కలిపి వాయించి చూపించారు. నేను ఇన్నేళ్లూ వింటున్న రంగు అదే.

ఆ తర్వాత వారం డి మైనర్ సెవెన్త్, జి సెవెన్త్, సి మేజర్ సెవెన్త్ అనే మూడు కార్డులు వరసగా వాయించారు. మొదటి కార్డులో ఉన్న సి ఒక్క మెట్టు దిగి బి అయింది. ఎఫ్ కదల్లేదు. మూడో కార్డుకి ఆ ఎఫ్ ఒక్క మెట్టు దిగి ఇ అయింది. ఈసారి బి కదల్లేదు. నేను తెలుసుకోవాలనుకున్న జారుడు అంతే. పది నిమిషాల సంగతి. సంతోషించాల్సింది పోయి, ఆ నాలుగు నెలలు తలుచుకుని, ఆవిడ ముందే నోటికొచ్చినట్టు ఆ చుక్కల మాస్టారిని తిట్టాను.

"అతనికి రాదమ్మా," అన్నారావిడ. "రానిది ఏటి సెప్తాడు? తెలిసీ దండం పెట్టావు సూడు, అది మాత్రం నీదే."

"నిజమే ఆంటీ," అన్నాను.

ఇప్పుడు ఆ మూడు కార్డుల్నీ పన్నెండు శ్రుతుల్లోనూ వాయించడం నేర్చుకుంటున్నాను. ఐదు వచ్చాయి. తప్పులన్నీ పైకే వినిపిస్తాయి, పక్క క్వార్టరు వాళ్లకి కూడా.

మొన్న కుమ్హారి మీదుగా రాయపూర్ వెళ్తుంటే రోడ్డు పక్క పెద్ద ఫ్లెక్సీ కనిపించింది. ఆ చుక్కల మాస్టారి కొత్త బ్రాంచి. అందులో స్టేజీ మీద కళ్లు మూసుకుని, తన్మయత్వంతో వాయిస్తున్న నేను. కారు ఆపి ఫోన్ చేశాను.

"నా ఫొటో తీసేయండి."

"ఆప్ కే లియే భీ పబ్లిసిటీ హై నా దీదీ? మీకూ మంచిదే."

ఫోన్ పెట్టేశాను. పక్కనే ఉన్న పంక్చర్ షాపతన్ని కటింగ్ ప్లేయర్ అడిగి తీసుకుని, నాలుగు మూలలా తీగ కత్తిరించి ఆ ఫ్లెక్సీని కిందికి లాగేశాను. అతను దాన్ని చూసి, నన్ను చూసి, "ఇందులో ఉన్నది మీరేనా దీదీ?" అని హిందీలో అడిగాడు.

నేనే అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి ఒళ్లంతా కంపరమెత్తింది.