కొలతల పేరుతో వచ్చే మనిషి

రేపల్లె స్టేషను బయట సైకిల్ స్టాండు పక్కన ఒక ఇస్త్రీ బండి ఉంటుంది. నెలకు రెండుసార్లయినా నేను దాని ముందు నుంచి నడిచి పోవాలి. నీళ్లు చల్లిన బట్ట మీద బొగ్గుల పెట్టె ఆనగానే లేచే ఆవిరి వాసన ముక్కుకు తగిలితే చాలు, నా నడక దానంతటదే నెమ్మదిస్తుంది. వలి మాస్టారి కొట్టంతా ఎప్పుడూ అదే వాసన. పోయినవాళ్లు గుర్తొస్తే మనసుకు హాయిగా ఉంటుందని కొందరంటారు. వాళ్ల అదృష్టం. మాస్టారు గుర్తొస్తే నాకు ముందు సిగ్గేస్తుంది, ఆ తర్వాత ఏడుపొస్తుంది. ఇన్నేళ్లలో ఆ వరస కూడా మారలేదు.

మస్తాన్ వలి గారు తెనాలిలో దర్జీ. బట్ట కత్తిరించే మనిషిని మా వైపు మాస్టారూ అనే పిలుస్తారు. ఒకప్పుడు ఇల్లూ ఒళ్లూ గుల్ల చేసుకునేంతగా తాగి, చాలా ఏళ్ల కిందట మానేసిన మనిషి ఆయన. ఆదివారం మధ్యాహ్నం కుట్టు మిషన్లు గోడవారకు జరిపి, తాగుడు మానినవాళ్లనూ మానాలనుకునేవాళ్లనూ చాప మీద కూర్చోబెట్టేవారు. కొలకలూరు నుంచి కూలీలు, రేపల్లె నుంచి ఆటోవాళ్లు, నిజాంపట్నం నుంచి పడవల మీద పనిచేసేవాళ్లు వచ్చేవారు. నేను బాపట్లలో ఒక కాలేజీలో సోషల్ వర్క్ పాఠాలు చెప్తాను. తాగుడు మానిన మనిషిని, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక ఏ ఆసరా నిలబెడుతుందో తెలుసుకోవాలని ఒక పరిశోధన తలపెట్టాను. తెనాలిలోని ఒక డాక్టరుగారు, మా కాలేజీ, ఈ చాప మీది మనుషులు కలిసి చేయాలన్నది నా ఊహ. కలిసి చేయడమంటే ఏమిటో నాకు అప్పటికి తెలియదు. నేను అడుగుతాను, వాళ్లు చెప్తారు, అంతే అనుకున్నాను.

అచ్చు వేయించిన ప్రశ్నల కాగితాలు తీసుకుని మొదటిసారి కొట్టుకు వెళ్లిన రోజు ఆయన కళ్లజోడు పెట్టుకుని, బట్టలో చిల్లులు వెతికినట్టు ప్రతి పేజీ చదివారు. చదివి పక్కన పెట్టారు. “అన్నీ మీకు కావాల్సినవే ఉన్నాయమ్మా. మాకు కావాల్సింది ఒక్కటీ లేదు,” అన్నారు. నాకు ఒళ్లు మండింది. మరి మీకేం కావాలో చెప్పండి అన్నాను, కాస్త పుల్లవిరుపుగానే. ఆయన చాప మీద వాళ్లను అడిగారు. చాలాసేపు గుసగుసలయ్యాక అందరి తరఫునా ఒక్క ప్రశ్న చెప్పారు: మానినవాడు మళ్లీ తాగినప్పుడు, అతనితో మొదట మాట్లాడింది ఎవరు, ఏమన్నారు?

దీనివల్ల ఏం తేలుతుందని డాక్టరుగారు ఫోన్లో విసుక్కున్నారు. పెద్దాయన మాట తీసెయ్యలేక దాన్ని చిట్టచివర చేర్చాను. తీరా కాగితాలు నింపుతుంటే, అన్నిటికీ అవును కాదు అని ముక్తసరిగా చెప్పినవాళ్లు ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయారు. పోతురాజు అని నిజాంపట్నం పడవ మనిషి, వాళ్లమ్మ తనతో మొదట “కాళ్లు కడుక్కో, అన్నం పెడతా” అందని చెప్పి ఏడ్చాడు. ఇంకొకతను, నాతో ఎవరూ మాట్లాడలేదండి, ఏమని రాస్తారు అని నన్నే అడిగాడు. మరుసటి నెలలో డాక్టరుగారే ఆ ప్రశ్నను మొదటికి మార్పించారు.

ఆదివారం రానివాడి ఇంటికి సోమవారం మాస్టారు వెళ్లేవారు. కొట్టు మూసి, మెడలో టేపు వేసుకుని, రేపల్లె రైలో నిజాంపట్నం బస్సో ఎక్కేవారు. ఆ టేపు ఎందుకో ఒకసారి ఆయనతో వెళ్లాక తెలిసింది. తాగుడు మాన్పించేవాళ్లు వచ్చారంటే వీధంతా తలుపుల్లోంచి తొంగిచూస్తుంది. దర్జీ కొలతలకు వస్తే ఎవరికీ పట్టదు. నిజాంపట్నంలో చేపలు ఎండబెట్టే చోటు దాటి ఒక ఇంటికి వెళ్లాం. భార్య గుమ్మంలో తలవంచుకుని నిలబడింది. చొక్కా కొలతలకు వచ్చానని వీధికి వినపడేలా చెప్పి మాస్టారు లోపలికి వెళ్లారు. మంచం మీద కూర్చున్న మనిషి మమ్మల్ని చూసి భుజాలు తడుముకున్నాడు, ఎవరూ ఏమీ అడగకుండానే ఒంట్లో బాగాలేదన్నాడు.

“చెయ్యెత్తు నాయనా,” అన్నారు మాస్టారు. ఛాతీ చుట్టూ టేపు తిప్పారు. కొలత తీసేవాడి మొహం ఎదుటివాడి మొహానికి జానెడు దూరంలో ఉంటుంది. సారా వాసన నాకే వస్తోంది, ఆయనకు రాదా. చిన్న పుస్తకంలో అంకెలు వేసుకుని, కిందటిసారి కంటే నడుము రెండించీలు తగ్గావు, తింటున్నావా అని అడిగారు. ఆదివారం రమ్మన్నారు. అంతే, లేచి వచ్చేశారు.

తిరుగు బస్సులో ఆయన్ను నిలదీశాను. తాగుడు సంగతి ఒక్క ముక్క ఎత్తలేదేమిటన్నాను. “వాసనొచ్చింది కదమ్మా. తెలిసిన దాన్ని మళ్లీ అడిగితే కొట్టినట్టే,” అన్నారు. నా సంచిలోని జాబితాలో ఆ మనిషి పేరు మూడు వారాల కిందటే కొట్టేసి ఉంది. వరసగా మూడు ఆదివారాలు రానివాళ్లను లెక్కలోంచి తీసేయాలన్నది నేను పెట్టిన నియమమే. ఆ సాయంత్రం కొట్టేసిన పేర్లన్నీ మళ్లీ రాసుకున్నాను. ఆయన కొలతల పుస్తకంలో కొందరి ఒళ్లు ఏళ్ల తరబడి చిక్కడం, మళ్లీ నిండటం ఉంది. అలాంటి లెక్క మా ముగ్గురిలో ఆయన దగ్గరే ఉందని డాక్టరుగారు కూడా ఒప్పుకున్నారు.

ఇంత నేర్చుకున్నదాన్ని, పరీక్ష వచ్చినప్పుడు తప్పాను.

పరిశోధనకు ఆమోదం తెలిపినవాళ్లు చూడటానికి వస్తామన్నారు. వాళ్లకు నచ్చితే బాపట్లలో, రేపల్లెలో కూడా ఇలాంటి చాపలు వేయిస్తారు. అప్పటికే ఒకరిద్దరు పెద్దమనుషులు, తాగుబోతులను పక్కన కూర్చోబెట్టుకుని పరిశోధనేమిటని నవ్వారు. సరిగ్గా ఆ రోజుల్లో మాస్టారు మొదటి రైలుకు బాపట్ల వచ్చి కాలేజీ వరండాలో నా కోసం కూర్చున్నారు. మెడలో టేపు లేదు. మనిషి వాననీళ్లలో తడిసి ఉన్నారు.

“మొన్న తాగానమ్మా. నిన్న కూడా. చావూ లేదు, పెళ్లీ లేదు, ఊరికే తాగాను. నా పేరు మీద కూడా ఓ కాగితం నింపండి,” అన్నారు.

 నాకు కళ్ల ముందు ఆ రాబోయేవాళ్లే తప్ప ఎదురుగా ఉన్న మనిషి కనపడలేదు. “కొన్నాళ్లు ఆదివారాలు రాకండి మాస్టారూ. వాళ్లొచ్చి వెళ్లేదాకా,” అన్నాను.

ఆయన ఇంకేదో వింటానని కాసేపు చూశారు. “సరేనమ్మా. మరి సోమవారాలు ఎవరెళ్తారు?” అని అడిగారు. నేను చూసుకుంటానన్నాను. కొట్టు తాళంచెవి నా చేతికిచ్చి, నా బల్ల మీది ఖాళీ ప్రశ్నల కాగితం ఒకటి అడిగి తీసుకుని, మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. అంత పొద్దున్నే వచ్చిన మనిషికి కాఫీ అయినా ఇప్పించలేదు.

మాస్టారు ఏరని చాప మీద అందరూ అడిగారు. చీరాలలో పెళ్లి బట్టల పని ఒప్పుకున్నారని చెప్పాను. నా మాట నమ్మారు కనుకే ఎవరూ ఆయన ఇంటివైపు వెళ్లలేదు. రానివాళ్ల ఇంటికి వెళ్లే పని ఎప్పుడూ ఆయనదే, ఆయనే రాకపోతే ఏం చేయాలో ఎవరికీ అలవాటు లేదు. సోమవారాలు నేను కాలేజీలో కూర్చుని నివేదిక దిద్దుకున్నాను. వచ్చినవాళ్లు వచ్చారు, చాలా బాగుందన్నారు. ఇంకొక్క వారం చూసి, నివేదిక అచ్చుకు ఇచ్చి, నేనే వెళ్లి ఆయన్ను పిలుచుకొద్దామనుకున్నాను.

ఆరో సోమవారం పొద్దున ఆయన భార్య ఖాసింబీ గారు ఫోన్ చేశారు. ముందురోజు సాయంత్రం రక్తం కక్కుకున్నారట, ఆసుపత్రికి చేరేలోపే ఆటోలో ప్రాణం పోయిందట. ఖననానికి చాప మీది వాళ్లందరూ వచ్చారు. పోతురాజు నా దగ్గరకు వచ్చి, “చీరాల్లో ఉన్నారన్నారు కదండి?” అన్నాడు.  ఆ వచ్చే ఆదివారం చాప మీద ఉన్నదంతా చెప్పేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది. ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నలభయ్యో రోజు దాటాక ఖాసింబీ గారిని చూడటానికి వెళ్లాను. ఆమె కొలతల పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆయనకు మీ మీద కోపం లేదమ్మా, ఆదివారం వస్తే టేపు మెళ్లో వేసుకుని ఇంటి గుమ్మంలో కూర్చునేవారు, అన్నారు. పుస్తకం మధ్యలో నా బల్ల మీది కాగితం ఉంది. ఆయన ఒక్క ప్రశ్నకే జవాబు రాశారు, మొదటిదానికి. అంకెలు వేసుకునే ఆ పొడుగాటి రాతలోనే.

మొదట మాట్లాడింది: మేడమ్ గారు. ఏమన్నారు: కొన్నాళ్లు రావద్దన్నారు.

నిందించే మాట ఒక్కటీ లేదు. కొలత తీసుకున్నట్టు ఉన్నది ఉన్నట్టు రాశారు. ఆయన పేరు తీసి ఆ జవాబును నివేదికలో చేర్చాను, మాట్లాడిన మనిషిని నేనేనని కింద రాశాను. బాపట్లలో, రేపల్లెలో చాపలు పరిచారు. తెనాలి చాప కూడా నడుస్తోంది. సోమవారాలు పోతురాజూ నేనూ పంచుకున్నాం. నాకు కుట్టు రాదు, అయినా సంచిలో టేపు ఉంటుంది. పుస్తకంలో అంకెలు వేసుకుంటాను, తప్పుగానే వేస్తానేమో.

ఇవాళ కూడా ఇస్త్రీ బండి దాటి ఒక ఇంటికే వెళ్తున్నాను. ఎవరి గుమ్మంలో నిలబడినా నా నోటి నుంచి మొదట ఒకటే మాట వస్తుంది, ఆదివారం రండి అని. ఆ మాట మాస్టారితో అనడానికి నాకు ఆరు ఆదివారాలు దొరికాయి.