జడలో బిగిసిన వేళ్లు

చాలా ఏళ్ల కిందటి మాట. అప్పుడు రాయ్‌పూర్ శంకర్ నగర్‌లో ఉండేవాళ్లం. థైరాయిడ్ గ్రంథి తీసేశాక ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన కొత్త. మావారు ఉర్లా ఫ్యాక్టరీలో పొద్దుటి డ్యూటీకి వెళ్లారు. నేను బడికెళ్లే మా అమ్మాయికి జడ వేస్తున్నాను. ఉన్నట్టుండి పెదాల చుట్టూ చీమలు పాకినట్టయింది. చూస్తుండగానే రెండు చేతుల వేళ్లూ కొంకర్లు పోయి, జడ పాయలతో సహా బిగుసుకుపోయాయి. ఎంత ప్రయత్నించినా విడిపోలేదు.

"మమ్మీ, ఛోడో! నొప్పి!" అని పాప ఒకటే ఏడుపు.

వంటింట్లోంచి మా అత్తగారు పరుగున వచ్చారు. శ్రీకాకుళం మనిషి. నాతో అవసరానికి మించి మాట్లాడేవారు కాదు. "ఓలమ్మో, ఇదేటే! కదలకు, నాను తీస్తాను" అంటూ ఒక్కో పాయా విడిపించారు. ఇంతలో పాప ఏడుపు విని వచ్చిన పక్కింటావిడ, వీధిలోకెళ్లి ఆటో పిలిచి, "చలియే అమ్మాజీ, ఆటో ఆ గయా" అని కేకేసింది.

రక్తంలో కాల్షియం బాగా పడిపోయిందనీ, ఈ ఆపరేషన్ తర్వాత కొందరికి ఇలా అవుతుందనీ డాక్టరు చెప్పి, సెలైన్‌లో మందు ఎక్కించారు. సీసా అయ్యేవరకూ అత్తగారు నా వేళ్లు ఒక్కొక్కటే నిమురుతూ కూర్చున్నారు. "బయపడకు, నానున్నాను కదా" అన్నారు. పెళ్లయ్యాక ఆవిడ నా చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి.

ఆ తర్వాత రోజూ సాయంత్రం మాత్ర, గ్లాసుడు పాలు తెచ్చి, "చల్లారిపోతన్నాయి, తాగీ" అంటూ తాగేదాకా ఎదురుగా నిలబడేవారు.

ఇప్పుడు ఆవిడ లేరు. మాత్ర వేసుకోవడం నేనెప్పుడూ మరిచిపోను. పాలు మాత్రం, ఎదురుగా నిలబడేవారు లేక, చాలాసార్లు గ్లాసులోనే చల్లారిపోతున్నాయి.