సూన్, బేగా

ఆళ్లగడ్డలో మాకు ఇంగ్లీషు చెప్పిన సారుకు ‘సూన్’ అనే మాట మీద పాత పగ ఉండేది. ఎవరైనా “సూన్ వస్తా సార్” అంటే చాలు, పాఠం ఆపేసేవారు.

“వెయ్యేళ్ల కింద సూన్ అంటే ఈ క్షణమే అని అర్థమప్పా. వస్తాండా, వస్తాండా అని చెప్పి రాకుండా, ఇంగ్లీషోళ్లే దాన్ని ‘కాసేపాగి’ చేసి పెట్టినారు. మన బేగా చూడు, ఇంకా చెడిపోలే. బేగా రా అంటే ఇప్పుడే రావల్ల.”

దాన్ని కూడా చెడగొట్టడానికి మా బ్యాచీ చేతనైనంత చేసింది. సారు చెడనివ్వలేదు.

పోయిన ఏడాది ఆయన భార్యను నంద్యాలలో ఆసుపత్రిలో చేర్చారు. నేను టిఫిన్ తీసుకుని వెళ్లేసరికి సారు ఐసీయూ బయట బెంచీ మీద ఉన్నారు. డాక్టరు వచ్చి, “సూన్ ఇంటికి తీసుకుపోవచ్చు సార్” అన్నాడు.

“పాత అర్థమా, కొత్త అర్థమా?”

డాక్టరు మర్యాదగా నవ్వి వెళ్లిపోయాడు.

“కొత్తదే లేప్పా,” అన్నారు సారు నాతో. “ఈ ఒక్కసారికి ఒప్పుకుంటా.”

మధ్యాహ్నం నర్సు తలుపు తీసి, “బేగా రాండి సార్” అంది, నేల చూస్తూ.

“వస్తాండామ్మా” అన్నారు సారు.

కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ముట్టని టిఫిన్ మూత ఒకసారి తీసి, మళ్లీ జాగ్రత్తగా పెట్టారు.

“సార్, బేగా...” అంది నర్సు మళ్లీ.

“వస్తాండా.”

తలుపు ఎదురుగానే ఉంది. ఆయన దాన్ని చేరేలోపు బేగా కూడా చెడిపోయింది.