కూత నుంచి కూత దాకా

ఆ వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎప్పుడో తగ్గిపోయారు. అందరికీ కూతాయనే. బట్టల మిల్లులో బాయిలర్ గది పక్కన నిలబడి ఇరవై ఆరేళ్ళు సైరన్ మోగించిన మనిషి. ఆ కూతకే ఊళ్ళో సగం మంది నిద్ర లేచేవారు, సగం మంది భోజనానికి కూర్చునేవారు. మిల్లు మూతపడి తొమ్మిదేళ్ళయింది. సైరన్ని ఊడదీసి పాత ఇనుప సామాన్లకి వేశారు. ఈయన్ని కొనేవాళ్ళెవరూ లేక ఇంట్లో మిగిలిపోయాడు. అన్నేళ్ళ కూత కుడిచెవిని పూర్తిగా, ఎడమచెవిని సగం తినేసింది. ఇష్టం లేని మాటలన్నీ సరిగ్గా కుడివైపు నుంచే వస్తాయేమిటో అని కూతురు ఎగతాళి చేస్తుంది.

కూతురు మందుల షాపులో పనిచేస్తుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి. మాత్ర సగం చెయ్యమంటే బ్లేడుతో గీత చూసుకుని మరీ కోసే రకం. ఆ ఆదివారం పొద్దున్నే ఆమె వంటింట్లో దూరి, మూడేళ్ళ క్రితం పోయిన తల్లి రాసుకున్న వంటల పుస్తకం తీసింది. నూనె మరకల మధ్య ఒక పేజీ వెతికి పట్టుకుంది. ఆపిల్ కేకు.

అడిగింది ఆమె మేనమామ. అంటే కూతాయన బావమరిది. కడుపులో జబ్బు ముదిరిపోయింది, ఇక ఇంటికి తీసుకెళ్ళి ఏమడిగితే అది పెట్టండి అన్నారు డాక్టర్లు. ఆ మాట ఎందుకంటారో అందరికీ తెలుసు. పది రోజులుగా నాలుగు చెంచాల నీళ్ళు తప్ప ఏదీ లోపలికి పోవడం లేదు. అలాంటి మనిషి శుక్రవారం నాడు కళ్ళు తెరిచి, "అక్క చేసే ఆపిల్ కేకు ఒక్క ముక్క దొరికితే తినాలనుందే" అన్నాడట.

"ఇదేం బ్రహ్మవిద్య కాదు నాన్నా" అంది కూతురు ఆపిళ్ళు కోస్తూ. "అన్నీ ఒక గిన్నెలో వేసి కలపడమే. చూడు, అమ్మ ఎంత వివరంగా రాసిందో."

నిజంగానే రాసింది. ఆపిళ్ళు మూడు, తురమకు, తురిమితే నీళ్ళు ఊరతాయి, గోరంత ముక్కలు చెయ్యి. మైదా రెండు కప్పులు, పంచదార కప్పు, నూనె అరకప్పు, గుడ్లు రెండు. దాల్చినచెక్క పొడి ఒక చెంచా. జాజికాయ పావు చెంచాకి కొంచెం తక్కువ. లవంగాలు నాలుగు, అప్పటికప్పుడు దంచి. వంటసోడా చెంచా, ఉప్పు చిటికెడు. పిండి ఎక్కువసేపు కలిపావంటే కేకు కాదు, రబ్బరు. ఓవెన్ మూడో గీత మీద. చివరి రెండు వాక్యాలు ఇవి: "మొదటి కూతకి లోపల పెట్టు, రెండో కూతకి తియ్యి. మధ్యలో తలుపు తెరిచావా, కూలబడుతుంది."

కూతురు నవ్వి, ఎడమవైపుకి వచ్చి గట్టిగా అడిగింది. "మధ్యాహ్నం మొదటి కూతకీ రెండో కూతకీ మధ్య ఎంతసేపు నాన్నా?"

"అరగంట" అన్నాడు కూతాయన. ఆ మాట కోసం వెతుక్కోనక్కరలేదు, ఎప్పుడూ నాలుక చివరే ఉంటుంది.

అరగంటకి తీశారు. పైన బంగారంలాగే ఉంది. ఇల్లంతా దాల్చినచెక్క వాసన. కూతాయనకి భార్య పక్క గదిలోంచి ఇప్పుడే వస్తుందేమో అనిపించింది. చల్లారాక కూతురు కత్తి దింపింది. అంచులు బాగానే ఉన్నాయి. నడుమ మాత్రం తడి పిండి కత్తికి అంటుకుని జారింది, ఆపిల్ ముక్కలు పచ్చిగా తెల్లగా కనిపిస్తున్నాయి.

కూతాయన ముఖం తిప్పుకున్నాడు. అలాంటి కేకుని ఆయన ఇంతకుముందు ఒక్కసారి, ఇదే బల్ల మీద, చూశాడు.

చెప్పుకుంటే అదేం పెద్ద కథ కాదు. మిల్లులో పన్నెండున్నరకి భోజనం కూత, ఒంటిగంటకి మళ్ళీ పనిలోకి రమ్మని రెండో కూత. బాయిలర్ గది కిటికీలోంచి గేటు మీద లోపలివైపుకి తిరిగి ఉన్న గడియారం కనిపిస్తుంది. దాన్ని చూసి గొలుసు లాగడమే ఉద్యోగం. అరగంటలో ఇంటికెళ్ళి తిని రావడం జనానికి చాలేది కాదు. ఒకరోజు ఎవరో "అన్నా, కాస్త చూసి లాగరాదా" అన్నారు. ఐదు నిమిషాలు ఆగి లాగాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఐదు పదయింది, పది అలవాటయింది. గేటు దగ్గర నవ్వుతూ పలకరించేవాళ్ళు ఎక్కువయ్యారు. దయతలిచి చేశానని ఆయన అనుకునేవాడు. నన్నడిగితే దయ సగమే. మిగతా సగం ఆ పలకరింపుల మీద ఆశ. సొంతానికి ఏమీ లేని మనిషి నాలుగు వందల మందికి రోజూ పది నిమిషాలు పంచిపెడుతున్నాడంటే, ఆ మత్తు అంత తొందరగా దిగేది కాదు.

తొమ్మిదేళ్ళు నడిచింది. అప్పుడొక కొత్త మేనేజరు వచ్చి, రెండో కూత వేళకి చేతిగడియారం చూసుకుంటూ గేటు బయట నిలబడ్డాడు. ఎంక్వైరీ పెట్టారు. కూతాయన చేతులు కట్టుకుని ఒక్క ముక్క చెప్పాడు. "గేటు గడియారం చూసే లాగానండీ. అందులో ఒంటిగంటయ్యాకే లాగాను."

ఆ గడియారానికి కీ ఇచ్చేదీ, టైము సరిచేసేదీ టైమ్ కీపరు. టైమ్ కీపరు ఆయన బావమరిదే. ఆ వేళప్పుడు అతను వెనక గదిలో హాజరు పట్టీలు రాసుకుంటూ ఉండేవాడు, తలెత్తి చూసే తీరిక ఉండదు. గడియారం మధ్యాహ్నానికి పది నిమిషాలు వెనకబడుతోందనీ, అది దాచడానికి సాయంత్రం ముల్లు జరుపుతున్నాడనీ తేల్చారు. ఆ పది నిమిషాలు తిన్న నాలుగు వందల మందిలో ఒక్కడూ నోరు విప్పలేదు. వారం తిరక్కుండా బావమరిదిని ఇంటికి పంపేశారు. కూతాయన తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. మరుసటి రోజు నుంచి రెండో కూత సరిగ్గా ఒంటిగంటకే మోగింది. గడియారం బాగుపడిందని అందరూ అనుకున్నారు.

రెండో కేకుకి కూతురు ఓవెన్ నాలుగో గీత మీద పెట్టింది. అరగంటకి పైన మాడింది, నడుమ అలాగే ఉంది.

"ఓవెన్ ముసలిదైపోయిందా? ఆపిళ్ళలో నీళ్ళు ఎక్కువా? పిండి మంచిది కాదా?" కూతురు ఒక్కొక్కదాన్నే నిలబెట్టి విచారణ చేసింది. సోడా డబ్బా మీద తేదీ చూసింది. చెంచా మార్చి కొలిచింది. చివరికి బల్ల దగ్గర కూలబడి, "టైములో మాత్రం పొరపాటు లేదు, నువ్వు చెప్పిందే కదా" అంది. ఆ వెంటనే అలిసిపోయిన నవ్వొకటి నవ్వింది. "అదే మావయ్య గడియారమైతే నమ్మేదాన్ని కాదనుకో."

ఆ ఇంట్లో అది పాత జోకే. ఇరవై ఏళ్ళుగా ఎవరు ఆలస్యంగా వచ్చినా "మావయ్య గడియారం చూసుకుని బయల్దేరావా" అనడం మామూలు. బావమరిది కూడా నవ్వేవాడు. ఆ రోజు మాత్రం అది కూతాయన గుండెలో ముల్లులా దిగింది. కుడిచెవి వైపు నుంచి వచ్చినా వినపడింది.

"ఆపిళ్ళు అయిపోయాయి. నేను తెస్తాను" అని సంచీ పట్టుకుని బయటపడ్డాడు.

పళ్ళ కొట్టు మూడు వీధుల అవతల. ఆ నడకంతా ఆయనకి భార్యే గుర్తొచ్చింది. తమ్ముడి ఉద్యోగం పోయిన వారం, వాడికి పెడదామని ఆమె ఈ కేకే చేసింది. మొదటి కూతకి పెట్టింది, రెండో కూతకి తీసింది. సాయంత్రం ఆయన ఇంటికొచ్చేసరికి కోసి చూస్తోంది. నడుమంతా పచ్చిపిండి. దానివంకా ఆయనవంకా చూసి, "ఈవేళ కూత తొందరపడిందే" అంది. "కూత ఎప్పుడు రావాలో అప్పుడే వచ్చింది" అన్నాడు ఆయన. ఆమె పళ్ళెం తీసుకెళ్ళి పెరట్లో చెత్తబుట్టలో వంచేసింది. ఆ తర్వాత ఆ కేకు మళ్ళీ చెయ్యలేదు. ఎవరడిగినా "ఎందుకో కుదరడం లేదు" అనేది. తమ్ముడు అడిగినప్పుడూ అంతే.

ఆమెకి తెలియలేదని ఇరవై ఒక్క ఏళ్ళు తనకి తాను చెప్పుకున్నాడు. ఇప్పుడు ఒకే రోజు రెండు పచ్చి కేకులు చూశాక, ఆ అబద్ధం తనకే రుచించలేదు. గడియారం వెనకబడితే రెండు కూతలూ కలిసి వెనకబడతాయి, మధ్య ఎడం పెరగదు; ఎడం పెరిగిందంటే గొలుసు లాగే చెయ్యే ఆగిందన్నమాట. ఆ పళ్ళెం వంచినప్పుడే ఆమెకి అంతా తెలిసింది. చెబితే మొగుడు పోతాడు, చెప్పకపోతే తమ్ముడు పోయినట్టే. చెప్పకుండా ఉండిపోయింది. ఆ మనిషి పక్కన పద్దెనిమిదేళ్ళు పడుకుని లేచాడు తను. పళ్ళ కొట్టువాడు "ఏవి కావాలి పెద్దాయనా" అని రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

నాలుగూ పదికి మూడో కేకు లోపలికి వెళ్ళింది. మూడో గీత మీదే. కూతురు గడియారం ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. నాలుగూ నలభైకి లేచి, చేతిగుడ్డ తీసుకుంది.

"ఆగు" అన్నాడు కూతాయన.

"అరగంటయింది నాన్నా."

"ఇంకో పది నిమిషాలు ఉంచు."

"అమ్మ ఏం రాసింది? రెండో కూతకి తియ్యమంది. నువ్వే కదా అరగంటన్నావు?"

"నలభై." ఓవెన్ వంకే చూస్తూ చెప్పాడు. "కూత నుంచి కూత దాకా నలభై నిమిషాలు ఉండేది. రోజూ. నేనే ఆపి లాగేవాణ్ణి. ఎంక్వైరీ అయ్యేదాకా అంతే."

కూతురు గుడ్డ పట్టుకుని అలాగే నిలబడింది. నలభైలోంచి ముప్ఫై తీసెయ్యడం రాని మనిషి కాదు. ఆమె కళ్ళు ఓవెన్ మీద నుంచి తండ్రి మీదికి, అక్కడి నుంచి గోడ మీది గడియారానికి వెళ్ళాయి.

"మరి మావయ్య?" అంది.

ఆయన బల్ల మీద రాలిన మైదాని అరచేత్తో ఒకచోటికి తోశాడు.

నాలుగు వందల మందికి ఊరికే పంచిపెట్టినప్పుడు ఒక్క కూతలో అయిపోయిన పది నిమిషాలు, ఆ వంటింట్లో ఎంతకీ తరగలేదు. నాలుగూ యాభైకి కూతురు తలుపు తీసింది. పుల్ల గుచ్చితే పొడిగా వచ్చింది. నడుమ కాస్త ఉబ్బి, అంచులు పళ్ళెం వదిలి, అచ్చం వాళ్ళమ్మ కేకు. కూతురు మెచ్చుకోలేదు. చల్లారనిచ్చి ముక్కలు కోసి, డబ్బాలో సర్ది, మూత బిగించి ఆయన ముందు పెట్టింది.

"నేను రాను. నువ్వే తీసుకెళ్ళు" అంది ముఖం చూడకుండా.

బావమరిది ఇల్లు కాగితాల కొట్టు పైన, ఒకటే గది. గోడ మీద పెద్ద గడియారం. మిల్లు వదిలాక అతను గోడౌన్‌లో కాపలా చేశాడు. రోజూ పొద్దున రేడియోలో టైము చెప్పగానే లేచి ఆ గడియారం సరిచూసుకునేవాడు, సరిగ్గా ఉన్నా సరే. మంచం పట్టాక ఆ పని భార్య చేత చేయిస్తున్నాడు. ఆమె డబ్బా అందుకుని ఒక ముక్క పళ్ళెంలో పెట్టి, నీళ్ళు తేవడానికి కిందికి దిగింది.

చిటికెడు తుంచి నోట్లో పెట్టుకున్నాడు బావమరిది. కళ్ళు మూసుకున్నాడు. మింగాడు. ఇంకో చిటికెడు తుంచుకున్నాడు.

"అక్క చేతిదే ఇది" అన్నాడు. "ఎలా కుదిరింది బావా? తనకే కుదరక మానేసిందిగా."

వచ్చే దారంతా కూతాయన కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. "నలభై నిమిషాలు పెట్టాలి. కూతకీ కూతకీ మధ్య నలభై ఉండేది. గడియారం తప్పు కాదురా. నేనే ఆలస్యంగా లాగేవాణ్ణి. ఎంక్వైరీలో అబద్ధం చెప్పాను."

బావమరిది గోడ మీది గడియారం వైపు తల తిప్పాడు.

"అయితే నా గడియారం బాగానే ఉండేదా?"

"బాగానే ఉండేది."

"ఆ వారం మూడుసార్లు విప్పాను దాన్ని. చక్రాల్లో ఒక్క పన్ను అరగలేదు, ఒక్క మర వదులవలేదు. మరి లోపం నా చేతుల్లోనే ఉందనుకున్నాను బావా. ఆ తర్వాత ఏ పని చేసినా నాకు నమ్మకం లేదు. తాళం వేసి, మళ్ళీ వెనక్కొచ్చి లాగి చూసుకునేవాణ్ణి. రాత్రికి నాలుగుసార్లు." తిట్టలేదు. తిడితే బాగుండునని కూతాయనకి అనిపించింది. దుప్పటి మీద ఎముకలు తేలిన ఆ రెండు చేతుల్నీ బావమరిది తిప్పి తిప్పి చూసుకున్నాడు, ఎవరివో తెచ్చి తనకి ఇచ్చినట్టు.

మెట్ల మీద భార్య అడుగుల చప్పుడు వినిపించింది. అతను గొంతు తగ్గించాడు.

"అక్కకి తెలుసా?"

కుడివైపు నుంచే అడిగాడు. ఈసారి చెవుడు సాయం రాలేదు. పెరట్లో పళ్ళెం వంచేస్తున్న మనిషి వీపు కూతాయనకి కళ్ళకి కట్టినట్టు కనిపించింది.

"తెలియదు" అన్నాడు. ఎంక్వైరీలో చెప్పినంత గట్టిగా, తడుముకోకుండా చెప్పాడు.

బావమరిది ఆ మాట కూడా నమ్మాడు. పళ్ళెం దగ్గరికి లాక్కుని మిగతా ముక్క తినసాగాడు.