కేప్ హార్న్ దగ్గరి గాలి

అంటార్కిటికా వెళ్లే ఓడ దక్షిణ అమెరికా కొసనున్న కేప్ హార్న్ దాటుతుంటే, అలలు లేచి మా కిటికీని ముంచేస్తున్నాయి. నేను కవరు పట్టుకుని వాంతులు చేసుకుంటున్నాను. నా పోరు పడలేక వచ్చిన మా ఆయన మాత్రం రెప్పవేయకుండా బయటికే చూస్తున్నాడు. నరసరావుపేట దగ్గర పత్తి రైతు. పత్తి పగిలే రోజుల్లో కాస్త గాలివాన వచ్చినా ఆకాశాన్ని బూతులు తిట్టే మనిషి.

“ఈ గాలి పోయి ఎవురి చేల మీద పడుద్దో అడుగు,” అన్నాడు.

గైడును ఇంగ్లీషులో అడిగాను. దీని దారిలో చేలూ ఊళ్లూ లేవట. సముద్రం మీదే భూమిని చుట్టి మళ్లీ ఇక్కడికే వస్తుందట.

అది విని మా ఆయన మంకీ క్యాప్ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“చానా గాలులు చూశా. ఎవురి నోటికాడి కూడూ చెడగొట్టని గాలిని చూట్టం ఇదే,” అన్నాడు.