గుమస్తాబాబు రాయకుండా ఆపిన వాక్యం

ఇది చదువుతున్న అందరూ బాగున్నారా? ప్లీడరుగారూ, మీ మోకాలు ఎలా ఉంది? కోర్టు గేటు దగ్గర టీ కొట్టు తమ్ముడూ, దగ్గు మానిందా, ఇంకా ఆ పొగలోనే నిలబడుతున్నావా? గుమస్తాబాబు గారి అమ్మాయీ, అమ్మ రెండు ముద్దలైనా తింటోందా? నీకు తలనొప్పి తగ్గిందా? మీ అందరి సంగతీ అడగకుండా ఆయన గురించి మొదలుపెట్టడం నాకు చేతకాదు. టెక్కలి కోర్టులో ప్లీడరు గుమస్తాగా జుట్టు నెరిసే దాకా పనిచేసిన ఆయన మొన్న సోమవారం పలాస ఆసుపత్రిలో పోయారు.

పెద్దకర్మ నాడు పంచే చిన్న పుస్తకానికి నాలుగు మాటలు రాయమని ఆయన కూతురు ఫోన్ చేసింది. అయిదో తరగతితో ఆగిపోయినదాన్ని, నేనేం రాస్తాను? పైగా ఏడుస్తున్న పిల్లని అడగకూడని మాట అడిగాను. "ఆసుపత్రి కాగితం మీద కారణం ఏటని రాసేరమ్మా?" గుండె ఆగిపోయిందని రాశారట. గుండె ఆగకుండా ఎవరు పోతారు? ఎందువల్ల ఆగిందో రాయొద్దా? ఫోన్ పెట్టేశాక కూడా అదే పట్టి పీకింది. నా బుద్ధి అంతే. పాలు విరిగినా ఎవరి చెయ్యి పడిందో అనుకుంటాను.

ఆయన దగ్గరికి నేను వెళ్లింది మా రెండో అమ్మాయి కోసం. పలాసలో జీడిపప్పు వలిచే పని దానిది. కరోనా టీకా రెండో సూది వేయించుకున్న రెండు వారాలకి పాదాల్లో తిమ్మిరి మొదలైంది. మోకాళ్లు, నడుము, చివరికి చేతులు పడిపోయాయి. విశాఖపట్నంలో నెల రోజులు ఉంచారు. నరాల జబ్బన్నారు. ప్రాణం దక్కింది గాని, ఇప్పటికీ వాకర్ పట్టుకునే నడుస్తుంది. అదే సూది మా వీధి అంతా వేయించుకుంది, నేనూ వేయించుకున్నాను. మాకేమీ కాలేదు. మరి దానికే ఎందుకు? నాకు అందరి మీదా అనుమానమే. సూది వేసిన నర్సమ్మ మీద, మందు చేసిన కంపెనీ మీద, చీటీ మీద గబగబా ఏదో గీకి ఇచ్చిన డాక్టరు మీద. దావా వేశాం.

మొదటి రోజే గుమస్తాబాబు నన్ను అక్క వరస కలిపి ఒక మాట అన్నారు. "అప్పా, కోర్టు నిన్ను 'తరవాత వచ్చిందా' అని అడగదు. 'అందువల్ల వచ్చిందా' అని అడుగుతాది. ఆ రెండు మాటల మధ్యనే ఉంది మన కేసంతా."

"తరవాతొచ్చింది అందువల్ల కాపోతే మరెందువల్ల బాబూ?"

"అదే సూద్దాం. నీకు తొందరెక్కువ, కోర్టుకి తొందర లేదు. ఇద్దరి మధ్యా నాను సచ్చిపోతాను" అని నవ్వారు.

ఎప్పుడు వెళ్లినా ముందు కేసు కాగితాల కట్ట విప్పేవారు కాదు. ఇంటిల్లిపాదినీ పేరుపేరునా అడిగేవారు. పెద్దోడి షుగరు, కోడలి నడుం, నా కళ్లు, ఆఖరికి మా గేదె ఈనిందో లేదో. నేను మాత్రం కూర్చున్నంతసేపూ ఆయన్నే కనిపెట్టుకుని ఉండేదాన్ని. మా తోటలోంచి కొబ్బరిబొండాలు పట్టుకెళితే ఒక్కటీ ముట్టుకునేవారు కాదు. మంచినీళ్లు ఇచ్చినా "వద్దప్పా" అనేవారు. మా చేతి నీళ్లు పనికిరావేమో ఈ పంతులుగారికి అనుకుని మనసులో పెట్టుకున్నాను.

ఒకరోజు అలాగే అందరి ఆరోగ్యాలూ అడిగి, "సూది వేయించుకునే ముందు వారంలో ఇంట్లో అందరూ బాగున్నారా?" అన్నారు, గేదెని అడిగినట్టే.

"బాగేటి బాబూ! వానకి బోరు నీళ్లు పాడైపోయి ఇంటిల్లిపాదికీ ఒకటే విరోచనాలు" అనేసి, నోరు మూసుకున్నాను. మూసుకోవడం ఆయన చూశారు.

"పిల్లకీనా?"

నేను సంచీ సర్దుకోవడం మొదలుపెట్టాను.

"అప్పా. పిల్లకీనా?"

"దానికే ఎక్కువ. మూడు రోజులు లేవలేదు."

ఆయన కలం మూత పెట్టేశారు. కంపెనీ తరఫు డాక్టరు కోర్టులో ఇచ్చిన కాగితంలో ఉందట, ఇలాంటి నరాల జబ్బు కడుపు జబ్బు తరవాత కూడా వస్తుందని. నేనెవరికీ చెప్పలేదు. ఆసుపత్రిలో అడిగితే కూడా లేదన్నాను. చెబితే మా తప్పవుతుందని భయం.

"ఇది రాయాలప్పా. రాస్తే మన కేసు ఇరగచ్చు, ఇరగకపోవచ్చు. కోర్టు వేసే డాక్టర్ల బోర్డు రెండూ తూచి సెప్తాది. కానీ నీ నోటి మాట లేకుండా నాను రాయను. నువ్వు రాయమన్న నాడు రాస్తాను" అన్నారు. బోర్డుకి ఇవ్వాల్సిన పిటిషను మీద ఆ వాక్యానికి చోటు వదిలి, కింది వాక్యం నుంచి మొదలుపెట్టారు.

అవతలి వాళ్లు ఈయన్ని కొనేశారని నాకు తోచింది. కాకపోతే మన గుమస్తా మన కేసు మనమే ఓడిపోయే మాట ఎందుకు రాస్తానంటాడు? సరాసరి టీ కొట్టుకి వెళ్లి అడిగాను, ఈయనకి ఈమధ్య టీలు ఎవరు ఇప్పిస్తున్నారని.

"ఆయనకి టీయా పెద్దమ్మా?" అని పగలబడి నవ్వాడు తమ్ముడు. "వారానికి రెండు మాట్లు పలాసలో రక్తం కడిగించుకుంటన్నాడు. నీళ్లే కొలుసుకుని తాగుతాడు. కొబ్బరినీళ్లయితే ఇసమే ఆయనకి. నువ్వు ఇన్నాళ్లూ బొండాలు మోసుకొచ్చి ఆయన పేనాలు తీద్దామనుకున్నావేటి?"

కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఉద్దానంలో పుట్టి, ఇంట్లో ఇద్దరిని కిడ్నీలకే పోగొట్టుకుని కూడా నాకు ఆ మాట తట్టలేదు. సిగ్గుతో తిరిగి వెళ్లాను. నా అనుమానాల సంగతి ఎరిగిన ఆయనకి నన్ను చూడగానే అర్థమైంది.

"తెలిసిపోయిందా? నన్ను ఎవరు కొన్నారో కూడా సెప్పేడా?"

"ఎందువల్ల వచ్చిందంట బాబూ మీకు?"

"నీళ్లంటారు, ఎండంటారు, నొప్పి మాత్రలంటారు. ఎంతమందో వచ్చి రక్తాలు పట్టుకెళ్లేరు. ఎందువల్లో ఇంతవరకూ ఎవరూ సెప్పలేదు. ఎవరి మీద దావా వేయమంటావు?" నవ్వుతూనే అన్నారు. మళ్లీ తనే, "మన వైపు జబ్బుల్లో ఒక్కదానికైనా ఎందువల్లో నిజంగా తేలితే సూడాలని ఉందప్పా. నీ కూతురుదే అవుతుందేమో అని నా ఆశ" అన్నారు.

అప్పుడైనా రాయమని చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. కేసు పోతే పిల్లకి వ్యాయామం చేయించే ఆసుపత్రికి డబ్బు ఎక్కడిది? ఇవాళ, రేపు అంటూ తిప్పాను. ఆయన ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. ప్రతి వాయిదాకీ కట్ట విప్పి, ఆ ఖాళీ చోటు చూపించి, మళ్లీ కట్టేసేవారు.

ఆయన పోయారన్న కబురు వచ్చిన రోజే మా పెద్దోడు అన్నాడు. "ఆ మాట ఆయనతోనే పోయింది. ఇంక నువ్వు నోరు ఇప్పకపోతే సాలు."

మూలన కూర్చున్న నా కూతురు తల ఎత్తింది. "అలగైతే కాళ్లు నావి కావేటి? నాకేటయిందో నాకు తెలియక్కర్లేదేటిరా?"

వాడు చొక్కా వేసుకుని బయటికి పోయాడు. సూది పేరెత్తినప్పుడల్లా అదీ నేనూ ఒక పక్కే అనుకున్నాను ఇన్నాళ్లూ. నేను దాని పక్క లేనని ఆ మాటతో తెలిసింది.

గుమస్తాబాబూ, మీరున్నప్పుడు చెప్పలేనిది అచ్చులో చెబుతున్నాను. సూదికి ముందు వారం నా కూతురికి మూడు రోజులు విరేచనాలు అయ్యాయి. ప్లీడరుగారు ఈ పుస్తకం చదువుతారు, అవతలి వాళ్లూ చదువుతారు. ఇంక దాచడానికి లేదు. సూదివల్ల కావచ్చు, కాకపోవచ్చు. నా అనుమానం ఇంకా పోలేదు, కంపెనీ మీదా పోలేదు, నా మీదా పోలేదు.

ఈ పొద్దున్న అది గుమ్మం పట్టుకుని నిలబడి, చెప్పు పట్టీలోకి బొటనవేలు దూర్చడానికి చూస్తోంది. నేను వంగబోతే వద్దంది. వేలు పక్కకి జారిపోతోంది, మళ్లీ తెచ్చి పెడుతోంది. చెమట పట్టింది. మూడోసారి దూరింది. రెండో చెప్పు ఇంకా అలాగే ఉంది. విశాఖపట్నంలో డాక్టర్ల బోర్డు ముందుకి మమ్మల్ని రమ్మన్నది వచ్చే గురువారం, పొద్దున్న పదింటికి.